డిక్కీ చోటు, బరువు చూసుకుని కారు సబ్‌వూఫర్ బాక్సును ఎంచుకోవడం: దశలవారీ మార్గదర్శి

కారులో సబ్‌వూఫర్ (బాస్, అంటే లోతైన శబ్దాలను మాత్రమే పలికించే పెద్ద స్పీకరు) పెట్టించుకునేవారిలో ఎక్కువమంది ముందు స్పీకరు కొంటారు, తరువాత దానికి సరిపడే ఆంప్లిఫయర్ కొంటారు, చివరికి షాపులో సిద్ధంగా ఉన్న బాక్సులో స్పీకరును బిగించి డిక్కీలో పెట్టిస్తారు. ఈ వరుసలో వెళ్లినవారికి కొద్ది నెలల్లోనే చిక్కు మొదలవుతుంది. ఊరికి బయలుదేరిన రోజున సూట్‌కేసు పట్టదు, పంక్చరైన రోజున స్టెప్నీ బయటికి రాదు.

ఈ వరుసను తిరగేయాలి. ముందు డిక్కీలో ఎంత చోటు వదులుకోగలరో తేల్చుకోవాలి, తరువాత ఎంత బరువు మోయించగలరో లెక్కించాలి, ఆ రెండింటికీ లోబడి బాక్సు రకాన్నీ ఘనపరిమాణాన్నీ నిర్ణయించాలి, ఆ బాక్సులో చక్కగా పలికే స్పీకరును వెతకాలి, ఆంప్ అన్నిటికంటే చివర రావాలి. లెక్కలు చూపవలసిన చోట 2018లో వచ్చిన స్విఫ్ట్ మోడల్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. దాని డిక్కీ 268 లీటర్లు, ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లు. మీ కారు వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి మారదు.

1. డిక్కీలో మీరు నిజంగా ఏం పెడతారో రాసుకోండి

కంపెనీ చెప్పే లీటర్లు పార్సెల్ ట్రే (డిక్కీ మీద మూతలా ఉండే పలక) కింది మొత్తం చోటు. అందులో చక్రాల ఉబ్బుల పక్క సందులు, మూలలు, వంపులు అన్నీ కలిసి ఉంటాయి. కాబట్టి లీటర్లను బట్టి కాక, సామాను బట్టి ఆలోచించాలి.

గత ఏడాదిలో డిక్కీ పూర్తిగా నిండిన సందర్భాలను గుర్తు చేసుకోండి. సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చేటప్పుడు రెండు సూట్‌కేసులు, బియ్యం మూట, పిండివంటల డబ్బాలు పట్టాలంటే ఒక లెక్క. వారానికోసారి కూరగాయల సంచులు మాత్రమే పెట్టేవారికి మరో లెక్క. ఇంట్లో చక్రాల కుర్చీ, చంటిబిడ్డ స్ట్రోలర్ వంటివి ఉంటే అవి మడిచినప్పటి పొడవు వెడల్పులు తప్పనిసరిగా కొలిచి రాయాలి.

ఈ పట్టికను బట్టి మీరు మూడింటిలో ఒక వర్గంలోకి వస్తారు:

- డిక్కీ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి: సీటు కింద పట్టే సబ్‌వూఫర్, లేదా మూలలో ఇమిడే ఫైబర్‌గ్లాస్ బాక్సు.
- ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే నిండుతుంది: తీసి పక్కన పెట్టగలిగే చిన్న సీల్డ్ (అన్ని వైపులా మూసిన) బాక్సు.
- సగం డిక్కీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది: కావాలనుకుంటే పోర్టెడ్ (గాలి గొట్టం ఉన్న) బాక్సు గురించి కూడా ఆలోచించవచ్చు.

సీఎన్‌జీ కార్ల వారు మొదటి వర్గమే అనుకోవడం మంచిది. డిక్కీలో 60 లీటర్ల సిలిండర్ ఉన్న కారులో మిగిలేది సిలిండర్‌కూ తలుపుకూ మధ్య ఉండే సందు మాత్రమే. రెండు చిన్న సిలిండర్లను నేల కింద అమర్చిన ఆల్ట్రోజ్ వంటి కారులో కూడా డిక్కీ 345 లీటర్ల నుంచి 210 లీటర్లకు తగ్గింది. సిలిండర్ వాల్వు దగ్గరికి చేయి వెళ్లకుండా అడ్డుపడే ఏ బాక్సునూ అక్కడ పెట్టకూడదు.

2. డిక్కీని ఆరు చోట్ల కొలవండి

టేపు, పెన్ను, కాగితం, ఒక పెద్ద అట్టపెట్టె దగ్గర పెట్టుకోండి. వెనుక సీటు మీరు మామూలుగా వాడే స్థితిలోనే ఉండాలి. తలుపు తెరిచిపెట్టి ఈ కొలతలు తీసుకోండి:

- చక్రాల ఉబ్బుల మధ్య వెడల్పు. డిక్కీ అంతటిలో ఇరుకైన చోటు ఇదే.
- తలుపు తెరిచినప్పుడు కనిపించే ద్వారం వెడల్పు, ఎత్తు. లోపల పట్టే బాక్సు ద్వారంలోంచి దూరకపోవచ్చు.
- నేల దగ్గర సీటు నుంచి తలుపు వరకు లోతు.
- పార్సెల్ ట్రే ఎత్తులో సీటు నుంచి తలుపు వరకు లోతు.
- నేల నుంచి పార్సెల్ ట్రే వరకు ఎత్తు.
- స్టెప్నీ మూత ఎంత భాగం ఎత్తితే చక్రం బయటికి వస్తుందో ఆ దూరం.

మూడో కొలతకూ నాలుగో కొలతకూ తేడా ఎందుకంటే సీటు వీపు నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. చతురస్రంగా ఉన్న బాక్సును దానికి ఆనించి పెడితే సీటుకూ బాక్సుకూ మధ్య ముక్కోణపు సందు మిగిలిపోతుంది. ఆ సందులో ఏమీ పట్టదు. ఒక వైపు వాలుగా కోసిన బాక్సు ఆ సందును కూడా వాడుకుంటుంది కాబట్టి, హ్యాచ్‌బ్యాక్‌లో వాలు బాక్సు తప్ప వేరొకటి చేయించవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఆరో కొలతను ఎవరూ తీసుకోరు. నేనూ మొదటిసారి తీసుకోలేదు. రాత్రి పూట హైవే పక్కన డిక్కీలోని సామానంతా రోడ్డు మీద పెట్టి, బాక్సు స్క్రూలు విప్పి, స్టెప్నీ తీసుకోవలసి వచ్చాక ఆ కొలతను పట్టికలోకి చేర్చాను.

3. ఎంత బరువు మోయించగలరో లెక్కించండి

ఆర్‌సీలో కారు ఖాళీ బరువు రాసి ఉంటుంది. కారుతో వచ్చిన పుస్తకంలో గరిష్ఠ మొత్తం బరువు ఉంటుంది. రెండో అంకె నుంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మనుషులకూ సామానుకూ కలిపి కారు మోయగల బరువు. అందులోంచి మీ ఇంట్లో మామూలుగా ప్రయాణించేవారి బరువునూ, మొదటి దశలో రాసుకున్న సామాను బరువునూ తీసేయండి. మిగిలినదానిలో మూడో వంతుకు మించి సబ్‌వూఫర్‌కు ఇవ్వకండి.

బరువు ఎంత అనే దానితో పాటు ఎక్కడ అనేది కూడా ముఖ్యం. వెనుక ఇరుసుకు అరమీటరు వెనుక 30 కిలోల బాక్సు పెట్టారనుకోండి. చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లయితే, వెనుక ఇరుసు మీద పడే భారం 30 కిలోలు కాదు, సుమారు 36 కిలోలు. ముందు ఇరుసు మీద భారం 6 కిలోలు తగ్గుతుంది. తూగుడుబల్ల సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. అదే బాక్సును సీటు వీపుకు దగ్గరగా జరిపితే ఈ అదనపు భారం దాదాపు పోతుంది. అందుకే బరువైన బాక్సు సీటు వైపు, తేలికైన సామాను తలుపు వైపు ఉండాలి.

మొత్తం బరువంటే బాక్సు ఒక్కటే కాదు. ఈ నాలుగింటినీ కూడండి:

- ఖాళీ బాక్సు
- స్పీకరు: మామూలు 10 అంగుళాలది 5 నుంచి 6 కిలోలు, 12 అంగుళాలది 6 నుంచి 10 కిలోలు. పెద్ద మ్యాగ్నెట్ ఉన్నవి ఇంకా చాలా ఎక్కువ తూగుతాయి.
- ఆంప్: 2 నుంచి 4 కిలోలు
- వైర్లు, బిగింపు పట్టీలు: దాదాపు 2 కిలోలు

తీసి పెట్టే బాక్సు అయితే స్పీకరుతో కలిపి 15 కిలోలు దాటకూడదు. అంతకు మించితే ఒక మనిషి డిక్కీ అంచు మీదుగా వంగి ఎత్తడం నడుముకు మంచిది కాదు. కొన్నాళ్లకు తీయడం మానేస్తారు కూడా.

4. బాక్సు రకాన్ని నిర్ణయించండి

బాక్సు చిన్నదిగా ఉండాలి, లోతైన బాస్ రావాలి, తక్కువ పవర్‌తోనే పెద్దగా మోగాలి అన్న మూడు కోరికలూ ఒకేసారి తీరవు. రెండు మాత్రమే దొరుకుతాయి. చోటూ బరువూ తగ్గించుకోవాలనుకున్నవారు మొదటిదాన్ని ఎలాగూ ఎంచుకున్నారు కాబట్టి, మిగతా రెండింటిలో ఒకదాన్ని వదులుకోవాలి. సాధారణంగా వదులుకోవలసింది మూడోదే, ఎందుకంటే పవర్‌ను ఆంప్ ఇవ్వగలదు.

సీల్డ్ బాక్సు: నాలుగు వైపులా మూసి ఉండే పెట్టె. లోపలి గాలి స్ప్రింగులాగా కోన్‌ను (స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే పొరను) వెనక్కి లాగుతుంది. 10 అంగుళాల స్పీకరుకు 17 నుంచి 23 లీటర్లు, 12 అంగుళాలదానికి 28 నుంచి 35 లీటర్లు సాధారణంగా సరిపోతాయి. కొలతల్లో ఒకటి రెండు లీటర్లు తేడా వచ్చినా ధ్వని పాడవదు. దీని బాస్ కింది స్థాయిలో ఆక్టేవ్‌కు, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 12 డెసిబెళ్ల చొప్పున తగ్గుతుంది. అయితే మూసివున్న కారులో సుమారు 60, 70 హెర్ట్జ్ కంటే కింది శబ్దాలు సహజంగానే పెరుగుతాయి కాబట్టి ఆ తగ్గుదల చాలావరకు పూడుకుంటుంది. ఇంట్లో పల్చగా అనిపించే చిన్న సీల్డ్ బాక్సు కారులో నిండుగా వినిపించడానికి కారణం ఇదే.

పోర్టెడ్ బాక్సు: గాలి గొట్టం ఉన్న పెట్టె. ట్యూన్ చేసిన స్థాయి (గొట్టం, బాక్సు కొలతలను బట్టి కుదిరే ఫ్రీక్వెన్సీ) చుట్టుపక్కల ఎక్కువ మోత ఇస్తుంది. కానీ ఒకటిన్నర నుంచి రెండు రెట్ల చోటు కావాలి, గొట్టం కూడా లోపలే ఇమడాలి. ఒక ఉదాహరణ చూడండి. 40 లీటర్ల బాక్సును 10 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టంతో 35 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయాలంటే గొట్టం సుమారు 41 సెంటీమీటర్ల పొడవుండాలి. లోపలి లోతు 26 సెంటీమీటర్లే ఉన్న బాక్సులో అది నేరుగా పట్టదు, వంచాలి. గొట్టమే దాదాపు 4 లీటర్లు మింగుతుంది. వ్యాసం తగ్గిస్తే పొడవు తగ్గుతుంది, కానీ గాలి బుసకొట్టినట్టు చప్పుడు మొదలవుతుంది. చోటు లేనప్పుడు పోర్టెడ్ బాక్సును ఇరికించడం వల్ల పోర్టెడ్ లాభమూ సీల్డ్ లాభమూ రెండూ దక్కవు.

సీటు కింది యాక్టివ్ సబ్‌వూఫర్: ఆంప్ లోపలే ఉంటుంది, ఎత్తు 7, 8 సెంటీమీటర్లు. డిక్కీలో ఒక్క లీటరు కూడా పోదు. పాటలోని తబలా, బేస్ గిటార్‌లకు నిండుదనం తెస్తుంది, కానీ 40 హెర్ట్జ్ కింద ఎక్కువ ఆశించకూడదు. సీటును పూర్తిగా ముందుకూ వెనక్కూ జరిపి రెండు స్థితుల్లోనూ కింది ఎత్తు కొలవాలి. సీటు పట్టాలు, ఏసీ గొట్టం, ఎయిర్‌బ్యాగ్ వైర్ల కనెక్టర్లు అడ్డుపడుతున్నాయేమో చూడాలి.

స్టెప్నీ గుంతలో ఇమిడే సబ్‌వూఫర్: కొన్ని గుండ్రటి యూనిట్లు స్టెప్నీ రిమ్ము లోపలే కూర్చుంటాయి, వాటితో ఇబ్బంది లేదు. స్టెప్నీని తీసేసి ఆ గుంతలో బాక్సు కట్టించుకోవడం మాత్రం దూరప్రయాణాలు చేసేవారికి తగదు. టైరు పక్క గోడ చిరిగితే పంక్చర్ కిట్ పనికిరాదు.

ఫైబర్‌గ్లాస్ మూల బాక్సు: చక్రం ఉబ్బు వెనుక వృథాగా ఉన్న వంపుకు అచ్చుపోసినట్టు చేస్తారు. 15 నుంచి 20 లీటర్లు వచ్చిందంటే 10 అంగుళాల సీల్డ్‌కు చాలు. చోటు పరంగా ఇంతకంటే మెరుగైనది లేదు. ఖర్చు ఎక్కువ, చేయి తిరిగిన పనివాడు కావాలి, ఆ కారుకు తప్ప మరో కారుకు పనికిరాదు.

స్పీకరును రెండు గదుల మధ్య లోపల దాచే బ్యాండ్‌పాస్ బాక్సుల ప్రస్తావన ఇక్కడ అవసరం లేదు. అవి పెద్దవి, బరువైనవి.

5. బయటి కొలతల నుంచి లోపలి లీటర్లకు

వాలు బాక్సు ఘనపరిమాణానికి సూత్రం ఇది: పై లోతునూ కింది లోతునూ కూడి సగం చేసి, దానిని ఎత్తుతోనూ వెడల్పుతోనూ గుణించాలి. సెంటీమీటర్లలో వచ్చిన జవాబును 1000తో భాగిస్తే లీటర్లు.

బయటి కొలతలు వెడల్పు 70, ఎత్తు 34, కింది లోతు 26, పై లోతు 16 సెంటీమీటర్లు అనుకుందాం. బయటి ఘనపరిమాణం 50 లీటర్లు. అంటే 268లో సుమారు 19 శాతం పోయింది.

18 మిల్లీమీటర్ల చెక్కతో చేస్తే లోపల వెడల్పు 66.4, ఎత్తు 30.4, సగటు లోతు 17.4 మిగులుతాయి. లోపలి ఘనపరిమాణం 35 లీటర్లు. అందులో స్పీకరు వెనుక భాగం 2 లీటర్లు, లోపలి అడ్డకర్రలు 1 లీటరు తీసేస్తే నికరంగా 32 లీటర్లు. డిక్కీ నుంచి 50 లీటర్లు ఇచ్చి 32 లీటర్లు కొనుక్కుంటున్నారన్నమాట. ఇది 10 అంగుళాలకు ధారాళం, 12 అంగుళాల సీల్డ్‌కు సరిగ్గా సరిపోయేది.

పోల్చి చూడటానికి 12 అంగుళాల పోర్టెడ్ బాక్సును తీసుకుందాం. నికరంగా 55 లీటర్లు రావాలంటే బయట సుమారు 75 × 38 × 30 సెంటీమీటర్లు, అంటే 85 లీటర్లు కావాలి. అదే డిక్కీలో దాదాపు మూడో వంతు.

6. ఆ లీటర్లలో పలికే స్పీకరును వెతకండి

స్పీకరు పెట్టె మీద వాట్లు పెద్ద అక్షరాలతో ఉంటాయి. మీకు కావలసినవి లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో ఉంటాయి: ఎఫ్ఎస్ (స్పీకరు సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ, హెర్ట్జ్‌లలో), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత అణుగుతుందో చెప్పే అంకె), వీఏఎస్ (స్పీకరు బిగువుకు సమానమైన గాలి, లీటర్లలో), బిగింపు లోతు. ఈ అంకెలు ఇవ్వని స్పీకరును కొనకండి.

సీల్డ్ బాక్సుకు లెక్క సులభం. వీఏఎస్‌ను బాక్సు నికర లీటర్లతో భాగించి, ఒకటి కలిపి, దానికి వర్గమూలం తీయండి. ఆ సంఖ్యతో క్యూటీఎస్‌ను గుణిస్తే బాక్సులో స్పీకరు స్వభావం తెలుస్తుంది. జవాబు 0.707 వస్తే ధ్వని అత్యంత సమతలంగా ఉంటుంది. 0.6 నుంచి 0.9 వరకు కారులో హాయిగా వినవచ్చు. 1 దాటితే ఒకే స్వరం దగ్గర గుమ్ గుమ్మని ఉబ్బినట్టు వినిపిస్తుంది.

ఎఫ్ఎస్ 30, క్యూటీఎస్ 0.45, వీఏఎస్ 40 లీటర్లు ఉన్న స్పీకరును చూద్దాం. 25 లీటర్ల బాక్సులో జవాబు 0.73. దానినే 15 లీటర్లకు కుదిస్తే 0.86. బాస్ తగ్గడం మొదలయ్యే చోటు (అదే వర్గమూలాన్ని ఎఫ్ఎస్‌తో గుణిస్తే వచ్చేది) 48 హెర్ట్జ్ నుంచి 57 హెర్ట్జ్‌కు పెరుగుతుంది. పది లీటర్ల చోటు మిగుల్చుకున్నందుకు చెల్లించిన వెల ఇది. నా దృష్టిలో చిన్న కారుకు ఇది న్యాయమైన బేరం.

లోతు తక్కువగా ఉన్న సందుల కోసం షాలో మౌంట్ స్పీకర్లు ఉన్నాయి. వాటి బిగింపు లోతు సాధారణంగా 8 నుంచి 9 సెంటీమీటర్లే. సగటు లోతు 12 సెంటీమీటర్లు ఉన్న బాక్సులోనూ పడతాయి. మామూలు స్పీకరు అయితే మ్యాగ్నెట్ వెనుక రంధ్రానికీ బాక్సు గోడకూ మధ్య కనీసం 4, 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. వాలు బాక్సులో ఈ ఖాళీని స్పీకరు మధ్యభాగం ఎత్తులో కొలవాలి. కింది లోతు చూసి సరిపోతుందనుకుంటే మ్యాగ్నెట్ వెనుక గోడకు తగులుతుంది.

7. చెక్కను, మందాన్ని తెలిసి ఎంచుకోండి

ఎండీఎఫ్ (చెక్కనారను జిగురుతో ఒత్తి చేసే పలక) ఘనమీటరుకు సుమారు 730 కిలోలు తూగుతుంది. 18 మిల్లీమీటర్ల 8 × 4 అడుగుల షీటు దాదాపు 39 కిలోలు. మంచి బిర్చ్ ప్లైవుడ్ 680 కిలోలు. తేడా తక్కువే. అసలు ఆదా ప్లైవుడ్‌ను పల్చగా వాడగలగడంలో ఉంది.

పైన చెప్పిన వాలు బాక్సును మొత్తం 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో చేస్తే ఖాళీ బరువు 11 కిలోల పైచిలుకు. స్పీకరు బిగించే ముందు పలకను మాత్రం 18 మిల్లీమీటర్లుగా ఉంచి, మిగతా గోడలను 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేసి అడ్డకర్రలు వేస్తే ఎనిమిదిన్నర కిలోలు. దాదాపు మూడు కిలోలు తగ్గి, లోపల మూడు లీటర్లు అదనంగా కలిసివస్తాయి.

అడ్డకర్ర వేయకుండా పల్చటి చెక్క వాడకూడదు. పలక బిగువు మందానికి ఘనంగా మారుతుంది, కాబట్టి అదే చెక్క 18కి బదులు 12 మిల్లీమీటర్లయితే బిగువు మూడో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. ముందు పలక నుంచి వెనుక పలకకు ఒకటి, కుదిరితే పై నుంచి కిందికి మరొకటి అడ్డకర్ర వేస్తే ఊగే పొడవు సగమై ఆ లోటు తీరుతుంది. వేళ్లతో తట్టినప్పుడు డొల్లగా మోగితే ఇంకో అడ్డకర్ర కావాలని అర్థం.

తేమ విషయం కూడా చూడాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఎండీఎఫ్ అంచులు తేమ పీల్చి ఉబ్బుతాయి. వానాకాలంలో తడి గొడుగులు పెట్టినా అంతే. కోసిన అంచులకు కార్పెట్ వేయకముందే రెండు పూతల వార్నిష్ లేదా సీలర్ వేయించండి. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ షీట్లు (ఇంకా దట్టంగా ఒత్తిన అలాంటి పలకలే) తేమను బాగా తట్టుకుంటాయి కానీ ఎండీఎఫ్ కంటే బరువు.

8. చెక్క కోయకముందు అట్టతో చేసి వారం రోజులు వాడండి

బయటి కొలతల ప్రకారం అట్టపెట్టెను కోసి, టేపు వేసి, డిక్కీలో పెట్టండి. వారం పాటు తీయకండి. ఆ వారంలో ఈ పనులన్నీ చేసి చూడండి:

- ఇంట్లోని పెద్ద సూట్‌కేసు పెట్టి తలుపు మూయడం
- స్టెప్నీ, జాకీ బయటికి తీయడం
- వెనుక సీటు మడవడం
- పార్సెల్ ట్రే దింపడం
- డిక్కీ లైటు, టెయిల్ ల్యాంపు బల్బుల మూతలు తెరవడం

కోన్ ముందు 8 నుంచి 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. హ్యాచ్‌బ్యాక్‌లో బాక్సు సీటుకు దగ్గరగా, స్పీకరు తలుపు వైపు చూస్తూ ఉంటే ఎక్కువ కార్లలో బాగా పలుకుతుంది. స్పీకరును పైకి చూసేలా పెడితే బాక్సు మీద సామాను పెట్టడానికి వీలుండదు, అంటే ఆ చోటు రెండుసార్లు పోయినట్టే.

సెడాన్‌లో సమస్య వేరు. వెనుక సీటు వీపూ, దాని వెనుక రేకూ బాస్‌ను అడ్డుకుంటాయి. సీటు మడవగలిగితే బాక్సు ముఖాన్ని ఆ ద్వారం వైపు తిప్పి చుట్టూ ఫోమ్‌తో మూయవచ్చు. మడవలేని సీటైతే స్పీకరును డిక్కీ వెనుక అంచు వైపు తిప్పి, రెండు దిశల్లోనూ విని చూసి నిర్ణయించాలి.

9. బాక్సును కదలకుండా బిగించండి

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గుద్దుకుని అరమీటరు దూరంలో ఆగిందంటే, లోపలి ప్రతి వస్తువూ తన బరువుకు సుమారు 20 రెట్ల బలంతో ముందుకు దూసుకొస్తుంది. 25 కిలోల బాక్సు 500 కిలోల బలంతో వెనుక సీటును, అందులో కూర్చున్న పిల్లలను గుద్దుతుంది. బరువు తగ్గించమని ఇంతగా చెప్పడానికి మైలేజీ కంటే ఇదే పెద్ద కారణం. వెల్క్రో పట్టీ నమ్మి వదిలేసిన బాక్సులను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

డిక్కీలో లగేజీ కట్టే ఇనుప కొక్కేలు, సీటు తాళం బోల్టులు ఉంటాయి. వాటికి ఎల్ ఆకారపు ఇనుప పట్టీలతోనో ర్యాచెట్ బెల్టుతోనో బాక్సును రెండు వైపులా కట్టాలి. ప్లాస్టిక్ కొక్కేలు పనికిరావు.

నేలకు స్క్రూలు కొట్టించవద్దు. దాని కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, సీఎన్‌జీ కారులో గ్యాసు గొట్టాలు, ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ, వైర్లు ఉండవచ్చు. తప్పదనుకుంటే కారు కిందికి వెళ్లి చూసిన తరువాతే డ్రిల్లింగ్ మొదలుపెట్టాలి.

తరచు తీసే బాక్సుకు స్పీకాన్ వంటి తాళం పడే కనెక్టర్ పెట్టించండి. వైర్లను స్క్రూలతో విప్పి బిగించే పని పెట్టుకుంటే ఎవరూ బాక్సు తీయరు. ఆంప్‌ను బాక్సుకు కాక సీటు వీపు వెనుక విడిగా ఒక పలక మీద బిగించాలి. బాక్సు అదురుకు ఆంప్ లోపలి టంకాలు వదులవుతాయి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి.

10. తరచు జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

బాస్ బలహీనంగా ఉంది. ముందుగా గాలి లీకు చూడండి. సీల్డ్ బాక్సు కోన్‌ను రెండు చేతులతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. నిదానంగా తిరిగి రావాలి. వెంటనే ఎగిరి వస్తే ఎక్కడో గాలి పోతోంది. స్పీకరు అంచు కింద ఫోమ్ గ్యాస్కెట్ వేసి, లోపలి మూలలన్నిటికీ సిలికాన్ పట్టించండి. సిలికాన్ ఆరడానికి కనీసం ఒక రోజు వదిలి అప్పుడు స్పీకరు బిగించాలి, దాని ఆవిరి కోన్ అంచులను దెబ్బతీస్తుంది.

లీకు లేదు, అయినా పల్చగా ఉంది. సబ్‌వూఫర్ ఫేజ్ స్విచ్‌ను (ధ్వని తరంగాన్ని తిరగేసే మీటను) తిప్పి చూడండి, లేదా స్పీకరు వైర్లు రెండింటినీ తారుమారు చేయండి. ముందు తలుపుల స్పీకర్లతో కలిసి ఏ స్థితిలో నిండుగా వినిపిస్తే అది ఉంచండి.

బాక్సు అనుకున్నదాని కంటే చిన్నదైంది, ధ్వని ఉబ్బినట్టుంది. సీల్డ్ బాక్సులో దిండ్లలో నింపే పాలిస్టర్ దూదిని వదులుగా నింపండి. 20 లీటర్లకు 160 నుంచి 320 గ్రాములు చాలు. బాక్సు పది, పదిహేను శాతం పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. బరువు పెరగకుండా చేసే మరమ్మతు ఇదొక్కటే. పోర్టెడ్ బాక్సును ఇలా నింపకూడదు.

పోర్టెడ్ బాక్సులో పెద్ద శబ్దానికి కోన్ టపటపా కొట్టుకుంటోంది. ట్యూనింగ్ కంటే కింది శబ్దాల దగ్గర కోన్‌కు గాలి ఆసరా ఉండదు. ఆంప్‌లోని సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను (మరీ కింది శబ్దాలను ఆపేదాన్ని) ట్యూనింగ్ కంటే ఐదారు హెర్ట్జ్ తక్కువలో పెట్టండి. ఆ ఫిల్టర్ లేని ఆంప్‌ను పోర్టెడ్ బాక్సుకు వాడకపోవడమే క్షేమం.

నంబరు ప్లేటు, డిక్కీ తలుపు గణగణలాడుతున్నాయి. నంబరు ప్లేటు వెనుక ఫోమ్ టేపు, తలుపు లోపలి రేకుకు అదురు తగ్గించే బ్యూటైల్ షీటు అతికించండి. డిక్కీ అంతటా షీటు పరిపించవద్దు, దానితో ఐదారు కిలోలు పెరుగుతాయి. మోగే చోటును చేత్తో నొక్కి పట్టి గుర్తించి అక్కడ మాత్రమే వేయించాలి.

షాపువారు మీ కొలత తీసుకోకుండా 12 అంగుళాల బాక్సే మంచిదంటున్నారు. మీ అట్టపెట్టెను వెంట తీసుకెళ్లండి. కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లినా, విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా, కొలతలు రాసిన కాగితం చేతిలో ఉంటే బేరం వేరుగా సాగుతుంది. షాపులో దొరకని కొలతను ఫర్నిచర్ చేసే కార్పెంటర్ కూడా చేయగలడు. స్పీకరు రంధ్రం వ్యాసం, అడ్డకర్రల చోటు, అన్ని అతుకులకూ జిగురు నిండుగా ఉండాలన్న మాట స్పష్టంగా రాసి ఇవ్వాలి.

11. డబ్బు చెల్లించే ముందు తనిఖీ

- బాక్సును స్పీకరుతో సహా తూకం వేయించారా?
- నికర లీటర్లు స్పీకరు కాగితంలోని పరిధిలో ఉన్నాయా?
- వెనుక సీటులో ఇద్దరు పెద్దవాళ్లు ఆనుకుని కూర్చున్నప్పుడు సీటు వీపు బాక్సుకు తగలడం లేదు కదా?
- తలుపు మూసినప్పుడు కోన్‌కు, గ్రిల్‌కు ఏమీ ఆనడం లేదు కదా?
- బాక్సు తీయకుండా, లేదా రెండు నిమిషాల్లో తీసి, స్టెప్నీ అందుకోగలరా?
- బాక్సును పట్టుకుని గట్టిగా ఊపితే కారు ఊగుతోందా, బాక్సు ఒక్కటే ఊగుతోందా? కారుతో కలిసి ఊగాలి.
- వెనుక టైర్లలో గాలి, డోరు స్తంభం మీది స్టిక్కరులో నిండు భారానికి చెప్పిన మేరకు ఉందా?

నెల రోజులు వాడిన తరువాత స్పీకరు స్క్రూలను, ఇనుప పట్టీల బోల్టులను మరోసారి బిగించండి. కొత్త చెక్కా గ్యాస్కెట్టూ అదురుకు సర్దుకుంటాయి కాబట్టి మొదటి నెలలో స్క్రూలు పావు చుట్టో అర చుట్టో వదులవడం మామూలే. స్క్రూలను చక్రం బోల్టులు బిగించినట్టు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి, ఒకేవైపు బిగిస్తే స్పీకరు ఫ్రేము వంగుతుంది.